కత్తి మొనకు పడ్డ నీలం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జనవరి మొదటి వారంలో, నన్ను చేవెళ్లకు వేశారు. మా కంపెనీ అక్కడ నడిపే చిన్న శిక్షణ కేంద్రంలో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ పోస్టు. అప్పటిదాకా నేను టూల్‌రూమ్‌లో చార్జ్‌మన్‌ని. అంటే ఫోర్‌మన్‌కు కింద, ఫిట్టర్లకు పైన. మిషన్ల కటర్లకు పదును పెట్టించడం, పెట్టడం నా పని. ఇరవై ఆరేళ్లు అదే చేశాను కాబట్టి పదును విషయంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఎవరైనా అడిగితే, అడగకపోయినా, ఆ మాట అనేవాణ్ణి కూడా.

అది ఎవరి చెవిన పడిందో గాని, ఒక మంగళవారం పొద్దున యేసురత్నం వెతుక్కుంటూ వచ్చాడు. ముడిమ్యాల మనిషి, నలభై దాటి ఉంటాయి. సురంగల్‌లో ఒక ఫామ్‌హౌస్‌ను పదకొండేళ్లుగా చూసుకుంటున్నాడు. తువ్వాలలో చుట్టి తెచ్చిన కత్తిని బల్ల మీద పెట్టాడు.

అది వేటకత్తి. ఫామ్‌హౌస్ యజమాని కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్నది. ఈ రోజుల్లో వేట ఎక్కడిది, అద్దాల బీరువాలో ఉంటుంది.

"క్రిస్మస్‌కు చుట్టాలొచ్చిన్రు సార్. మ్యాకను కోసెటందుకు అడగకుండ తీస్కపోయిన. బొక్కకు తగిలి గాట్లు వడ్డయి," అన్నాడు. ఎముకకు తగిలి అంచుకు పడ్డ ఆ గాట్లు సాన బండి అతను రెండు గంటలు పట్టినా పోలేదట. "ఐతారం మా సారు వస్తడు. సూసిండంటే నా నౌకరీ ఉండదు." నౌకరీతోపాటు ఇంటిల్లిపాదీ ఉంటున్న రెండు గదులూ పోతాయి. సాయంత్రానికల్లా చేసిస్తానని ధీమాగా చెప్పి పంపాను.

తెలియని ఉక్కు చేతికొస్తే మా పనిలో రెండు పరీక్షలుంటాయి. మొదటిది ఆకురాయితో గీయడం. గీశాను, గీత పడకుండా జారిపోయింది. అంటే చాలా గట్టి ఉక్కు. రెండోది, కత్తి వెన్నును తిరిగే గ్రైండర్‌కు ఒక్క క్షణం ఆనించి రవ్వల రంగు, తీరు చూడటం. ఏ రకం ఉక్కో దాన్నిబట్టి తెలుస్తుంది. అది చేయలేదు. ఇంత మొండిగా ఉందంటే మా కటర్లకు వాడే హైస్పీడ్ స్టీలే అయి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మధ్యాహ్నం దాకా గరుకు రాయి మీద రుద్దాను. గాట్లు వెంట్రుకవాసి కూడా తగ్గలేదనడం అతిశయోక్తి గాని, నాకు అలాగే అనిపించింది. ఒళ్లు మండింది. గ్రైండర్ స్విచ్ వేశాను.

హైస్పీడ్ స్టీలు ఎర్రబడేంత వేడెక్కినా గట్టిదనం పోదు. అందుకే టూల్‌రూమ్‌లో నీలం రంగు కనిపిస్తే మేం బెదరం. ఆ అలవాటే నా కొంప ముంచింది. అంచు వెంట పోతూ సన్నటి మొన దగ్గర నీలంగా మారుతున్నా చేయి తీయలేదు. తర్వాత అనుమానం వచ్చి, వెన్ను ఆనించి రవ్వలు చూస్తే అది వేరే ఉక్కు. ఆ రకానికి నీలం వచ్చిందంటే అక్కడ ఉక్కు మెత్తబడ్డట్టే. మళ్లీ ఆకురాయితో మొనను గీశాను. ఈసారి శుభ్రంగా గీత పడింది. నాకు సిగ్గేసింది.

ఎమెరీ కాగితంతో రుద్దితే ఆ రంగు రెండు నిమిషాల్లో పోతుంది. ఎవరికీ తెలియదు. కాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఎప్పుడో ఒకనాడు ఆ మొన వంగితే యజమాని అడిగేది యేసురత్నాన్నే గాని నన్ను కాదు. కాగితం పక్కన పెట్టేశాను. సాయంత్రం అతను రాగానే ఉన్నదున్నట్టు చెప్పాను.

అతను మొనను బొటనవేలితో రుద్ది చూశాడు. "రుద్దితే రంగు పోతది గద సార్?"

పోతుంది, మెత్తదనం పోదు, అన్నాను. మెత్తబడ్డంత మేర అరగదీస్తే మొన పొట్టిదవుతుందనీ చెప్పాను.

"అట్లనే చేయండ్రి. నేను తీస్కపోయిన ముచ్చట నేనే చెప్త. మీ ముచ్చట మీరొచ్చి చెప్పండ్రి."

తర్వాత నాలుగు రోజులు డ్యూటీ అయ్యాక గ్రైండర్ జోలికి పోకుండా నీళ్లు పోస్తూ రాయి మీదే చేశాను. అంచుకు మార్కర్ సిరా పూసి, అది సమంగా అరుగుతున్నదా లేదా చూసుకుంటూ. గాట్లు పోయాయి. మొన అర అంగుళం తగ్గింది.

ఆదివారం ఇద్దరం సురంగల్ వెళ్లాం. యేసురత్నం ముందు చెప్పాడు, నేను తర్వాత చెప్పాను. యజమాని పేపరు ఒకటి తీసి కోశాడు. చప్పుడు లేకుండా తెగింది. కత్తిని దాని తోలు ఒరలో పెట్టి కదిలించాడు. కొలతకు కుట్టించిన ఒరలో కత్తి ఇప్పుడు టకటకలాడింది.

"బీరువా తాళంచెవి ఇటియ్యి. ఇంకోసారి కావాలంటే అడుగు," అన్నాడు యేసురత్నంతో. అంతే, నౌకరీ ఊసెత్తలేదు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "ఈయన అడగకుండ తీస్కున్నడు గాని, కత్తిని కత్తి లెక్కనే వాడిండు. మీరు పని తెలిసుండి కాల్చిన్రు."

ఇరవై ఆరేళ్లలో నా పని గురించి విన్న మాటల్లో అంత సరైనది ఇంకొకటి లేదు.

ఈ ఉదంతంతో నేను నేర్చుకున్నది చిన్న విషయమే. అనుభవం రెండో పరీక్షకు బదులు కాదు. ఆ సోమవారం నుంచి శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్లకు నా మొదటి పాఠం రవ్వలు చూడటమే అయింది. ఆ కత్తిని కాల్చిందెవరో కూడా చెప్పి పాఠం మొదలుపెట్టేవాణ్ణి.