పిండిలో రాసిన పాట

కిందటి నెలలో ఒక పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే ఇంటికి ఫోన్ వచ్చింది. మా పెద్దబాపు, అంటే నాన్న వాళ్ల అన్న, నిద్రలోనే పోయాడు. మీరెప్పుడైనా జహీరాబాద్‌లో జొన్నలు పట్టించుకుని ఉంటే ఆయన్ను చూసే ఉంటారు. కనుబొమల మీద పిండి, మెడలో ఎర్ర తువ్వాలు, ఎప్పుడూ డబ్బా మీద ఏదో దరువు వేస్తుండే వేళ్లు.

తను నడిపిన పిండి గిర్ని మోతే ఆయన చెవులు తీసుకుంది. ఏదైనా చెప్పాలంటే పిండి డబ్బా మూత మీద పడ్డ పిండిలో వేలితో రాయాలి. చదువుకుని, అరచేత్తో తుడిచి, "సమజైంది" అనేవాడు.

నా పదో తరగతి సెలవుల్లో ఒక పాటల బృందం చాలా ఏళ్లకు మా ఊరికి వచ్చింది. పెద్దబాపు వయసులో ఉన్నప్పుడు, అప్పట్లో ఉంటున్న న్యాల్‌కల్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి విన్న బృందమే అది. పోదామంటే ఒప్పుకోలేదు.

"చెవులు లేనోడు పాటకు పోతె నలుగురు నవ్వుతరు బిడ్డా."

పెద్దమ్మ వచ్చి మూత మీద ఒకే మాట రాసింది: 'నవ్వనియ్యి'.

సాయంత్రానికి తయారై నిలబడ్డాడు. చంకలో స్టీలు తాంబాళం, చేతిలో పిండి పొట్లం!

మైదానంలో కూర్చోగానే తాంబాళంలో పిండి పరిచి నా ఒళ్లో పెట్టాడు.

"ఏం సేట్, ఈడ్నే రొట్టెలు చేస్తవా?" అన్నాడు వెనకాయన. చుట్టూ నవ్వారు. ఆ ముఖాలు చూసి పెద్దబాపు కూడా నవ్వాడు. నాకే తలెత్తబుద్ధి కాలేదు.

పాట మొదలైంది. 'ప్రేమ పాట' అని రాశాను. వెంటనే తుడిచేశాడు.

"అది నాకు ఎర్కనే. ఇప్పుడు ఏ మాట మీదున్నడో గది రాయి."

అప్పుడు మాటలు వినసాగాను. 'వాకిలి' అని రాశాను, తుడిచాడు. 'దీపం', తుడిచాడు. డోలక్ వాయించే చేతులను చూస్తూ ఆయన మోకాలి మీద వేళ్లతో అదే దరువు వేశాడు. అంతవరకూ నాకు పాటంటే రాగమే. మాట విడిగా నిలబడితే ఎంత బాగుంటుందో ఆ తాంబాళంలోనే చూశాను. చివర్లో గాయకుడు 'రా' అన్న మాట పట్టుకుని వదల్లేదు. రాశాను, తుడిచాడు. మళ్లీ రాశాను.

"ఇంకా రమ్మనే అంటుండా?"

తల ఊపాను.

"ముసలోడైండు గని పట్టు ఇడుస్తలేడు!" అని పకపకా నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. చెంపలనిండా పిండి. వెనకాయన ఈసారి నవ్వలేదు. ముందుకు వంగి, తర్వాత ఏం రాస్తానా అని చూస్తున్నాడు.

డిగ్రీలో తెలుగు ఎందుకు తీసుకున్నావని ఎందరడిగినా సరిగ్గా చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను, ఆ సాయంత్రం వల్ల. పెద్దబాపుకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

దినాలయ్యాక పెద్దమ్మ గిర్ని తెరిచింది. డబ్బా మూత మీద పలచగా పిండి ఉంది. వేలితో 'రా' అని రాశాను.

"షురూ చేస్తున్న, జర జరుగు బిడ్డా" అంది పెద్దమ్మ.

గిర్ని కదిలింది. ఆ అదురుకు పైనుంచి కొత్త పిండి రాలుతూ, అక్షరం మెల్లమెల్లగా నిండుతోంది.