మెట్లు దిగి వచ్చిన సభ

మా వీధికి సిమెంటు రోడ్డు వేస్తున్నారని, ఏమైనా చెప్పదలచినవాళ్ళు పదకొండు గంటలకు కల్యాణమండపానికి రావాలని, మైకు కట్టిన ఆటో ఒకటి పొద్దున్నే తిరిగి చెప్పింది. ధర్మవరంలో ఆ వేళకు మగ్గం వదిలి వచ్చే నేతగాడెవరు? మా ఆయన నేలలో తవ్విన గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా, "నువ్వు పోయిరా. నేను లేస్తే ఈ చీర ఈరోజు కాదు" అన్నాడు.

నాకూ వెళ్ళాలనే ఉంది. పక్క వీధిలో పాత రోడ్డు మీదే కొత్తది పోశారు. రోడ్డు ఎత్తయింది, ఇళ్ళు పల్లమయ్యాయి. తొలి వానకే నీళ్ళు గడప దాటి మగ్గం గుంటల్లోకి దిగాయి. పట్టు తడిసి, పని ఆగి, ఆ వీధివాళ్ళు పడిన అవస్థ నేను కళ్ళారా చూశాను.

చిన్నప్పుడే పోలియో రావడంతో నేను చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతాను. ఇంట్లో కూర్చుని చీరల కొంగులకు కుచ్చులు కడతాను. ఆ రోజు నాకు తోడుగా వచ్చింది పక్కింటి సాయిబుల అవ్వ. ఊరంతా తిరిగి గాజులమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. చెవులు కాస్త మందం, గొంతు మాత్రం గట్టిది.

తీరా వెళితే సభ మండపం పైఅంతస్తులో పెట్టారు.

"మెట్లెక్కల్ల కదమే, ఎట్ల?" అంది అవ్వ.

అక్కడున్న ఇద్దరు ముందుకొచ్చారు. "ఎత్తుకొని పోతాం రాక్కా."

"వద్దప్పా. మూటను మోసినట్ల మోసుకొని పోతే, ఆడ నా మాట ఎవరింటారు?" అన్నాను.

అవ్వే రాయబారానికి సిద్ధమైంది. పాత రోడ్డు తవ్వాకే కొత్తది వేయాలని, ఎత్తు పెరగకూడదని చెప్పి పంపాను. మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కింది. కాసేపటికి మా కౌన్సిలరు కంగారుగా బాల్కనీలోకి వచ్చి వంగి చూశాడు.

"ఏమమ్మా, రోడ్డే వద్దంటాండావంట?"

"రోడ్డు వద్దనలేదన్నా! ఎత్తు వద్దంటాండా!"

అంతలో బస్సు హారను మోగింది. "ఏమి వద్దు?"

"ఎత్తు!"

ఆయన పక్కనే నిలబడిన అవ్వ అందరికీ వినబడేలా, "ఎద్దు వద్దంటాంది. మనింట్లో ఎద్దు యాడుండాదే?" అంది.

కింద టీ తాగుతున్నవాళ్ళు, పూలమ్మే ఆమె, నేను, అందరం ఒక్కసారిగా నవ్వాం. ఆ నవ్వులకు పైనుంచి ఇంకో మనిషి తొంగిచూసింది. రోడ్డు పని చూసే ఇంజనీరమ్మ, చిన్న వయసు. ఏం జరిగిందో తెలుసుకుని చెప్పులు టపటపలాడించుకుంటూ దిగి వచ్చింది. మెట్ల దగ్గర నా బండిని, చుట్టూ మూగిన జనాన్ని చూసింది.

"సార్, పైన కుర్చీలున్నాయి, కింద మనుషులున్నారు. కుర్చీలే దింపుదాం" అంది కౌన్సిలరుతో.

నాకు ధైర్యం వచ్చింది. "ఎట్లా దింపుతాండారు కదా మేడం, మా వీధిలోనే ఏసుకుంటే? మగ్గాలోళ్ళు కూడా వస్తారు."

కౌన్సిలరు ఒక్క క్షణం తటపటాయించి, "సరే పాండి" అన్నాడు. నేను బండి తిప్పుకుంటూ ముందు, తలల మీద కుర్చీలతో మనుషులు నా వెనక. దారిన పోయేవాళ్ళు పెళ్ళి ఎవరిదని అడిగారు.

మేము వీధి మొదట్లోకి రాగానే మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగుతూ వచ్చింది. చేతులకు పిండితోనే ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు. మా ఆయన లుంగీకి అంటుకున్న పట్టుపోగులతోనే బయటికొచ్చాడు. ఇంజనీరమ్మ మా ఇంట్లోకి వచ్చి, గుంటలోకి కాళ్ళు దింపి కూర్చుని చూసింది. తర్వాత ఒక బిందె నీళ్ళు తెప్పించి రోడ్డు మీద పోయించింది. అవి తిన్నగా మా గడప వైపే పరుగెత్తాయి.

"ఇప్పుడే ఇట్లుంటే, ఎత్తు పెంచితే ఇంకేముంది" అంది తనలో తాను అన్నట్టు.

అందరూ ఒప్పుకున్నారని కాదు. మా వీధిలోనే ఉంటూ ఆటో నడిపే అతను అడ్డం తిరిగాడు. "తవ్వి పారేస్తే నా బండి యాడ పెట్టల్ల? బాడుగలు ఎట్ల తోలల్ల?" అతని మాటా నిజమే. చాలాసేపు అరుచుకున్నాం. మధ్యలో ఎవరో టీ తెచ్చారు. చివరికి పూలమ్మే ఆమె, "ఒక పక్క తవ్వి ఏసి, అది ఆరినాక రెండోది తవ్వండి. ఆటో పోతాది కదా" అంది. ఇంజనీరమ్మ లెక్కలు వేసుకుని, కుదురుతుందని చెప్పింది. ఆటో అతను ముఖం తుడుచుకుని సరేనన్నాడు.

కౌన్సిలరు ఒప్పుకున్నవాళ్ళను చేతులెత్తమన్నాడు. వీధంతా చేతులు లేచాయి. అవ్వ రెండు చేతులూ ఎత్తింది.

"మనిషికి ఒగటే అవ్వా!"

"ఇంగోటి ఈ పాపది. దాని చేతులు బండి మీదుండాయి."

నేను బండి పిడి వదిలేసి నా చెయ్యి నేనే ఎత్తాను. అప్పుడు గానీ అవ్వ ఒకటి దించలేదు.

రోడ్డు అనుకున్నట్టే వచ్చింది, కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత మా వార్డు సభలన్నీ బడి ఆవరణలో, సాయంత్రంపూట పెడుతున్నారు. మొదట్లో తలుపు చాటునుంచి వినే ఆడవాళ్ళు ఇప్పుడు ముందు వరస కోసం పోట్లాడుకుంటున్నారు.

రోడ్డు వేశాక తొలి వాన పొద్దున్నే పడింది. వీధిలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. నేను బండి మీద వాకిట్లోకి వచ్చి వానలోనే ఆగాను. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

"నీళ్ళు యాడికి పోతాండాయి?" అని కేకేశాడు మా ఆయన.

"కాలవలోకి!" అన్నాను. నేను కట్టుకున్న చీర పూర్తిగా తడిసిపోయింది. అయినా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.