మొదటి కుంచం

మా మేనత్తకు మాట దాచుకోవడం రాదు. మనసులో ఉన్నది ఎదుటివాళ్ల మొహాన అనేసి, కొంగు బిగించుకునేది.

మా శంషాబాద్‌లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. యుద్ధం రోజుల్లో సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీకి జొన్నలు కొలవడానికి వచ్చిన జవాను కూడా అలవాటుగా ‘లాభం’ అన్నాడు. అత్త కుంచం పట్టుకుని ఆపింది.

“లడాయి ఎక్కడ్నో అయితే మా గాదెలు ఊడుస్తున్రు. గీన్ల లాభమేంది? ఒకటి అను.”

జవాను వెంట వచ్చిన ఊరి పటేలు గుడ్లురిమాడు. అత్త కుంచం వదల్లేదు. చివరికి జవాను ‘ఒకటి’ అన్నాడు.

వారం తిరిగేసరికి, పొయ్యి వెలగని పక్కింటావిడ గంప పట్టుకుని వచ్చింది. అత్త మిగిలిన జొన్నలు తీసింది.

“ఇగ గవి తిరిగి రావు” అన్నాడు మామ.

అత్త కొంగు బిగించుకుని, మొదటి కుంచం గంపలో ఒంపుతూ “లాభం” అంది.