మోచేయి వంపు

పోయిన ఆదివారం సిడ్నీలో బ్లాక్‌టౌన్ దగ్గర ఒక పార్కులో మన తెలుగువాళ్ళంతా కలిసి బార్బీ, అదే ఆరుబయట నిప్పుల మీద కాల్చుకు తినే విందు, పెట్టుకున్నారు. మా ఆవిడ పక్క రాష్ట్రంలో, ట్రుగనీనాలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి మూడు వారాలైంది, ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని గోడలు చూడ్డం కన్నా నయమని నేనూ వెళ్ళాను. ఒకపక్క మొక్కజొన్న పొత్తులు కాలుతుంటే ఇంకోపక్క ఐటీ కుర్రాళ్ళు టెన్నిస్ బంతితో క్రికెట్ మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకతను వచ్చి, “అంకుల్, ఒక ఓవర్ వెయ్యండి, జస్ట్ ఫర్ ఫన్” అని బంతి నా చేతిలో పెట్టాడు. పాతికేళ్ళుగా ఎందుకూ కొరగాని చెయ్యి, అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, ఒక్క బంతి వేశానో లేదో అంపైరుగా నిలబడ్డ కుర్రాడు నవ్వుతూ చెయ్యి చాపి, “అంకుల్‌ది చకింగ్ రా, నో బాల్” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ప్లేటులో పెట్టుకున్నది సగం తిని కారెక్కి ఎడ్మండ్‌సన్ పార్కు పేటలోని మా ఇంటికి వచ్చేశాను.

నా ఈడువాళ్ళకు ఆ మాట బరువు తెలుసు. క్రికెట్లో మోచెయ్యి తిన్నగా ఉంచి చెయ్యి తిప్పి బంతి వెయ్యాలి, అలా కాక చెట్టుమీది కాయకు రాయి విసిరినట్టు మోచెయ్యి వంచి విసిరితే అది చకింగ్, తప్పు బంతి. మా రోజుల్లో ఆ పేరు పడ్డ బౌలరుకూ దొంగతనం అంటగట్టిన వాడికీ పెద్ద తేడా ఉండేది కాదు, ఎదురుగా ఏమీ అనరు గానీ ఆటకు మాత్రం పిలవరు. నాకు ఆ పేరు నెల్లూరులో, ఇరవయ్యో ఏట, కన్నతండ్రి నోటి నుంచే పడింది.

మా నాయన రైల్వేలో గుమాస్తా, ఆదివారాలు అంపైరు. మా అమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని సైకిలెక్కాడంటే ఇక ఆయనకు చుట్టమూ లేదు, పక్కమూ లేదు. ఒకరోజు లీగ్ ఆటలో రావలసిన రెండో అంపైరు రాకపోయేసరికి, గ్రౌండు చూద్దామని వచ్చిన మా నాయనను నిలబెట్టారు. బ్యాటు పట్టినవాడికి పక్కగా, దూరంగా, బౌలరు మోచెయ్యి తేటగా కనపడే చోట ఆయన నిలబడ్డాడు. కొడుకుతో పాటు తండ్రి కూడా గ్రౌండులో ఉన్నాడని అవతలి జట్టువాళ్ళు గుసగుసలాడుతున్నారు. నేను వేసిన మొదటి ఓవర్లోనే ఆయన మూడుసార్లు చెయ్యి చాపి నో బాల్ అన్నాడు, మూడోసారికి మా కెప్టెను నా చేతిలోంచి బంతి తీసుకున్నాడు. ఆ తర్వాత నన్ను ఏ జట్టువాళ్ళూ పిలవలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఆయన ఎందుకన్నాడో చెప్పలేదు, నేను అడగలేదు, మా ఇంట్లో క్రికెట్ అన్న మాట ఆగిపోయింది, రేడియోలో కామెంటరీ వస్తుంటే ఎవరో ఒకరు లేచి కట్టేసేవాళ్ళం. నలుగురిలో తన నిజాయితీ చాటుకోవడానికి నన్ను బలిపెట్టాడని నా కడుపులో ఉండిపోయింది.

తర్వాత మూడేళ్ళకు చదువుకోవడానికి సిడ్నీ వచ్చాను. అప్పట్లో బ్లాక్‌టౌన్ స్టేషన్లో తెలుగు మాట చెవిన పడితే వెనక్కి తిరిగి వెతుక్కునే రోజులు. పొద్దున యూనివర్సిటీ, మధ్యాహ్నం ఒక గోడౌన్లో పని. అక్కడ పెట్టెలకు అంటించే టేపు చుట్టలను మూలనున్న తోటివాడికి నేను దూరం నుంచే విసిరి అందించేవాణ్ణి, అవి సరిగ్గా అతని అరచేతిలోనే పడేవి. మా సూపర్‌వైజరు నడివయసు తెల్లాయన, అది కొన్నాళ్ళు చూసి ఒక ఆర్వో, అదే మధ్యాహ్నం పూట, నన్ను పిలిచి, ఆ చెయ్యి ఎక్కడ నేర్చిందని అడిగాడు. నేను సిగ్గుపడుతూ, ఇది తప్పు చెయ్యి, ఇలా వంగుతుందనే మా ఊళ్ళో నన్ను ఆట మాన్పించారని చెప్పాను. ఆయన అర్థంకానట్టు చూసి, ఆ శనివారమే తను శిక్షణ ఇచ్చే బేస్‌బాల్ జట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. బేస్‌బాల్లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు, మోచెయ్యి వంచకపోతే వాడు పిచ్చరే కాడు. నేను ఎత్తు మట్టిదిబ్బ మీద నిలబడి విసిరిన మొదటి బంతి అందుకున్నవాడు చేతి తొడుగు విప్పి అరచెయ్యి విదిలించుకున్నాడు. ఆ రోజు రైలెక్కి కూర్చుని ఎందుకేడుస్తున్నానో తెలియకుండా ఏడ్చాను.

మూడేళ్ళు చిన్న జట్లలో ఆడాక రాష్ట్రజట్టు నన్ను జీతానికి తీసుకుంది. జీతమంటే గోడౌను పని మానుకునేంత కాదు, అయినా కాగితం మీద నేను వృత్తి ఆటగాణ్ణి. నాది ఆట చివర్లో దిగే పని, అంటే అందరూ ఆడుతుంటే గ్రౌండు చివర బెంచీ మీద రెండు మూడు గంటలు కూర్చుని, పిలుపొస్తే వెళ్ళి ఇరవై ముప్పై బంతులు విసిరి రావడం. పెర్త్, అడిలైడ్ వెళ్ళినప్పుడు మిగతావాళ్ళు పబ్బులకు పోతే నేను మోటెల్ గదిలో కెటిల్‌తో నీళ్ళు కాచుకుని, సంచీలో తెచ్చుకున్న అటుకుల్లో పోసి కాస్త ఆవకాయ కలుపుకుని తినేవాణ్ణి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒకసారి బంతికి కాలు తగిలితే అలవాటుగా తీసి కళ్ళకద్దుకున్నాను, ఆ ఆట గెలిచాం, ఆ తర్వాత నేను దిబ్బ ఎక్కే ముందు బంతి కళ్ళకద్దుకున్నానా లేదా అని జట్టంతా కనిపెట్టి ఉండేది. మనవాళ్ళ సంగతి చెప్పాలంటే, ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా “ఏం చేస్తుంటావు బాబూ” అన్న ప్రశ్నకు బేస్‌బాల్ అంటే, “అది సరే, ఉద్యోగం?” అనేవారు. దిబ్బ మీద నిలబడి స్టాండ్సు వైపు చూస్తే ప్రతివాడికీ ఎవరో ఒకరు ఉండేవారు, తల్లో, పెళ్ళామో, పక్కింటి ముసలాయనో. నాకోసం వచ్చిన మనిషి ఒక్కరూ ఉండేవారు కాదు. నిజం చెప్పొద్దూ, నాకు కావలసింది కూడా ఒక్కరే. ఈ చెయ్యి తప్పు చెయ్యి కాదని మా నాయన కళ్ళతో చూడాలి, ఆ ఆశతోనే నేను ఆ ఏళ్ళన్నీ ఒంటరిగా ఈదాను.

ఆయన రిటైరయ్యాక అమ్మతో కలిసి రెండు నెలలు ఉండిపోదామని వచ్చాడు. తీరా వచ్చేసరికి నా మోచేతిలో నొప్పి మొదలైంది, జట్టు ఫిజియో నెలరోజులు బంతి ముట్టుకోవద్దన్నాడు. నేను బెంచీ మీద కూడా లేని ఆటకు ఆయన్ని ఎలా పిలవను. నెల దాటినా నొప్పి తగ్గలేదు, రోజులు గడిచిపోయాయి, వాళ్ళ ప్రయాణం పది రోజుల్లోకి వచ్చింది, సిడ్నీలో ఇక మిగిలింది ఒక్క శనివారం ఆట. అప్పుడు మా నాయనే, కాఫీ తాగుతూ, ఎటో చూస్తూ, “నువ్వు ఆడేది యాడో ఒకసారి చూపించు అబ్బయా” అన్నాడు. తొమ్మిదేళ్ళలో మా మధ్య ఆట గురించి వచ్చిన మొదటి మాట అది. మర్నాడు ఫిజియో దగ్గరికి వెళ్ళి నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పాను.

ఆ శనివారం అమ్మ స్టాండ్సులో గొడుగు వేసుకుని కూర్చుంది. ఆయన పక్కన లేడు. పిలుపు వచ్చి దిబ్బ ఎక్కాక వెతికితే, నాకు కుడిపక్కన కంచె అవతల ఒంటరిగా, చేతులు వెనక్కి కట్టుకుని కొద్దిగా ముందుకు వంగి నిలబడి కనిపించాడు. ఏ అంపైరైనా బౌలరు మోచెయ్యి చూడ్డానికి నిలబడే చోటు అది. ఇన్నేళ్ళ తర్వాత కూడా తప్పు పట్టడానికే వచ్చాడని నాకు కోపం నెత్తికెక్కింది. మూడో బంతికి మోచేతిలో సూది దిగినట్టయింది. ఆపి చెయ్యి ఎత్తితే చాలు, కోచ్ వచ్చి తీసుకెళ్ళేవాడు. కానీ ఆయన చూస్తుండగా మళ్ళీ బంతి ఇంకొకడికి ఇచ్చి దిగిపోవడం నా వల్ల కాలేదు. పళ్ళు బిగబట్టి, ఒక్కో బంతికీ ఇంకాస్త బలం పెట్టి విసిరాను. పద్నాలుగో బంతికి లోపల ఏదో తెగిన చప్పుడు నాకే వినిపించింది, బంతి ఎటో పోయింది. ఆ తర్వాత ఆపరేషను, ఆరునెలల కట్లు అన్నీ అయ్యాయి గానీ, పిచ్చరుగా నా పని అక్కడితో సరి.

ఆ రాత్రి ఆసుపత్రి నుంచి ట్యాక్సీలో ఇంటికి వస్తుంటే మా నాయన కిటికీలోంచి బయటికే చూస్తూ, “మూడో బంతికే కనిపెట్టినా, నీ మోచెయ్యి బాగలేదని. ఆపమని అరవాలనుకుంటి. ఒకసారి నోరు తెరిచి నీ ఆట పోగొట్టినా గదా, మళ్ళా నా నోటితోనే ఆపేదానికి మనసు రాలా” అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

ఇప్పుడు ఆయన లేడు. ఈ రోజుల్లో మోచెయ్యి ఎన్ని డిగ్రీలు వంగిందో కెమెరాలే చూసి చెప్తున్నాయి, ఎవరి కంటినీ ఎవరూ నమ్మనక్కర్లేదు, ఏ తండ్రీ నోరు తెరిచి చెడ్డ కానక్కర్లేదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు బేస్‌బాలే కాదు, ఏ ఆట ఆడినా కంచె పొడుగునా తల్లిదండ్రులు నిలబడి గొంతులు పోయేలా అరుస్తున్నారు. బడి మైదానాల మీదుగా వెళ్తూ ఆ అరుపులు వింటే నాకు అసూయగా ఉంటుంది. ఆయన కన్ను రెండుసార్లూ తప్పలేదు, నెల్లూరులో నా చెయ్యి నిజంగానే వంగింది, అది సిడ్నీ వచ్చిన మొదటి ఏడాదే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా, “నువ్వు అన్నది నిజమే నాయనా” అని ఫోనులో ఒక్క ముక్క అనలేకపోయాను. ఆ ఒక్క ముక్క అనివుంటే, ఆ శనివారం ఆయన అరిచేవాడు.