ఖాళీ ఇంటి పొయ్యి

మా నాన్న కిరందుల్ ఇనుప గనుల ఊళ్లో కంపెనీ క్వార్టర్‌లో ఉంటూనే పక్క పల్లెలో పెంకుటిల్లొకటి కొన్నాడు. ఏడాదంతా దానికి తాళమే. దూలాలకు చెద పట్టకుండా, కోంట వైపు నుంచి వచ్చిన ఒక దోర్ల తెగ అవ్వ వారానికోసారి పొయ్యి రాజేసి ఇల్లంతా పొగ నింపి పోయేది. ఉత్త పొయ్యి మండితే కీడని కుండలో నీళ్లయినా పెట్టేది.

ఒక వానాకాలం మేం వెళ్లేసరికి ఆ కుండలో జావ ఉడుకుతోంది. పక్కన ఆమె తడిసిన మూటలు.

"ఇక్కడే కాపురం పెట్టేశావా?" అన్నాడు నాన్న.

"నా గుడిసె కూలింది సారూ. ఇల్లు ఖాళీగనే ఉన్నది గద, తప్పేంది?"

తాళం చెవి ఆమె చేతిలోంచి లాక్కున్నది నేనే.

అవ్వ పొయ్యి ఆర్పబోయి ఆగింది.

"పొగ ఉండనియ్యి, లేకుంటే చెద పడ్తది" అని, జావకుండ ఎత్తుకుని వానలోకి దిగింది.