హాతీరాం గుమ్మం ముందు మంచం

మిరప ఏరే కూలీల్లో ముందు సాలు ఎప్పుడూ హేమ్లిదే. అలాంటి మనిషి రెండు నెలలుగా గోడ పట్టుకుని నడుస్తోంది. నొప్పి నడుములో పుట్టి కుడికాలి బొటనవేలి దాకా పాకుతోంది. అయినా హాతీరాం దగ్గరికి మాత్రం పోలేదు.

ఇల్లందు పక్కనున్న ఆ తండాలో వైద్యమంటే హాతీరామే. ఏం చదివాడో ఎవరూ అడగలేదు. సూది వేస్తాడు, సెలైన్ పెడతాడు, తన వల్ల కాకపోతే కారు పిలిచి పట్నం తీసుకుపోతాడు. ఏ దవాఖానా, ఏ డాక్టరు అని కారెక్కాక కూడా ఎవరూ అడగరు. మనవాడు కదా! మూడేళ్ల కిందట హేమ్లి చెల్లెలు సోమ్లి అలాగే ఎక్కింది. మర్నాడే వెన్ను కోశారు. అప్పటి నుంచి ఆమెకు మంచమే లోకం. పంపిన ప్రతి మనిషికీ హాతీరాంకు కమీషన్ ముడుతుందని తరువాత తెలిసింది.

ఇప్పుడు అతనే హేమ్లి వాకిట్లోకి వచ్చాడు.

"వదినా, కారు మాట్లాడిన. అదే పెద్ద సారు. జల్దీ పోకుంటే కాళ్లు పడిపోతయ్."

"సోమ్లిని పడేసిన సారేనా మరిదీ?"

"నూటికొకరికి గట్లయితది. దాని రాత."

హేమ్లి, "సోమారం చూద్దాం తియ్యి," అని పంపేసింది.

ఆలోపు ఇల్లందులో జాకెట్లు కుట్టే మెహర్‌ను వెంటేసుకుని, వెన్ను ఆపరేషనైన ఐదుగురి ఇళ్లు తిరిగింది. కోసే ముందు డాక్టరు ఏం చెప్పాడో అడిగింది. కొందరినైతే, "ఏదీ, వంగు చూద్దాం," అని వంగించింది కూడా. ఇద్దరు ఖమ్మంలోని న్యూరోసర్జన్ హైమ పేరు చెప్పారు. ముందు మందులు, వ్యాయామం ఇచ్చి, తగ్గకపోతేనే కోసిందట.

ఖమ్మం పోతే, హైమ హేమ్లిని మడమల మీద, మునివేళ్ల మీద నడిపించి, స్కానింగ్ తీయించి చూసింది. "ఇప్పుడు కోత అక్కర్లేదు. పాదం పైకి లేవకపోయినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే రావాలి," అంది.

"ఇంకో డాక్టరుకు చూపిచ్చుకుంటే కోపం చేస్తవా అమ్మా?"

"ఎందుకు? కాగితాలన్నీ తీసుకుపో."

తరువాత డాక్టరమ్మ, హేమ్లి తెచ్చిన సోమ్లి పాత కాగితాలు చూసి, ఇంత ఆలస్యమయ్యాక ఆ కాళ్లకు బలం వస్తుందన్న ఆశ తక్కువేనని నిజం చెప్పింది.

ఆ మాట హేమ్లి ఇంటికొచ్చి సోమ్లికి చెప్పింది. "అక్కా, నా మంచం హాతీరాం గుమ్మం ముందల ఎయ్యి," అంది.

సోమవారం హాతీరాం క్లినిక్ తెరిచేసరికి గుమ్మానికి అడ్డంగా మంచం, మంచం మీద సోమ్లి, పక్కన చాప మీద వెల్లకిలా పడుకుని డాక్టరమ్మ చెప్పిన వ్యాయామం చేస్తూ హేమ్లి. నడుం నొప్పని వచ్చినవాళ్లందరికీ సోమ్లే దుప్పటి తొలగించి కాళ్లు చూపించింది.

"ముందుగాల నన్ను చూడు. ఎన్క లోపలికి పో."

ఎవరూ లోపలికి పోలేదు. మూడోనాటికి హాతీరాం గొంతు తగ్గింది.

"వదినా, పరువు పోతాంది. మంచం తియ్యి."

"నేను బరువులెత్తొద్దన్నది డాక్టరమ్మ. మీ పెద్ద సారును పిలువు, ఆయనొచ్చి లేపుతడు."

నాలుగోనాడు హాతీరాం షట్టర్ దించి తాళం వేశాడు. మంచం ఇంటికి మోద్దామా అని మెహర్ అడిగింది.

"ఇప్పుడే ఎక్కడికి?" అంది సోమ్లి. "తెరవనియ్యి వానిని."