అమెరికాయప్ప సినిమా

మొన్న ధర్మవరంలో మా ఇంటి వసారాలో మనవరాలు చిన్ని తన గోళ్ల రంగు తుడుచుకుంటూ ఉంటే, ఆ సీసాలోని మందు వాసన ముక్కుకు సోకి, చేటలో బియ్యం ఏరుతున్న నా చేయి ఆగిపోయింది. సరిగ్గా అదే వాసన మా నాయన వేళ్లకు ఉండేది. ఆయన పెనుకొండలో సినిమా ఆపరేటరు. తెగిన ఫిలిం అతికించే మందు వేళ్లకు పట్టుకుని ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. ఉగాది పూట ఓళిగ తుంచి నెయ్యి అద్ది నా నోట్లో పెడితే, బెల్లం కంటే ముందు ఆ వాసనే తగిలేది.

మా ఇంట్లో కాలాలన్నీ ఆ సినిమా హాలుతోనే తెలిసేవి. శెనక్కాయలు పెరికే రోజుల్లో హాలంతా ఉడకబెట్టిన కాయల వాసన, కాలి కింద తొక్కల చిటపట. సీతాఫలాలప్పుడు బెంచీల కింద నల్లటి గింజలు. ఎండాకాలం రేకుల కప్పు కింద కాగిపోయే మిషను గదికి తడిపిన గోనెసంచుల తెర. ఆదివారం పొద్దున పది గంటలకు ఇంగ్లీషు ఆట. ఆ రోజు నాయన తెల్లచొక్కా వేసుకుని, హోటలు నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి, మాకు పెట్టి, తను రెండు పిడికిళ్లు నోట్లో వేసుకుని పరుగెత్తేవాడు.

ఇంగ్లీషు సినిమాలు తీసేవాళ్లలో ఆయనకు ఒక్కడే దేవుడు. ఆ పేరుకు నాయన నోరు తిరగదు కాబట్టి మా ఇంట్లో ఆ డైరెక్టరు 'అమెరికాయప్ప'. మాటలు రాని సినిమాల కాలంలో హాలీవుడ్‌లో సెట్టింగులకు మేకులు కొట్టే పనితో మొదలుపెట్టి, నవ్వులాట బొమ్మలు తీసి పేరు తెచ్చుకుని, హీరోయిన్ మొహం ఇంకా దగ్గరగా చూపించమన్న కంపెనీవాళ్ల మాట వినక పని పోగొట్టుకుని, తల నెరిశాక వాళ్లే మళ్లీ పిలిస్తే అప్పుడూ తన పట్టు వదలకుండా తీశాడట. పాత పత్రికలు ఇంగ్లీషు సారు చేత చదివించుకుని నాయన ఇదంతా పోగుచేశాడు.

"మనిషి ఏడుస్తాంటే మొగంలోకి తొంగి సూడకూడదు పాపా, అది మర్యాద గాదు. అమెరికాయప్ప కెమెరాను ఎనక్కి జరిపి ఊరికే నిలబెడతాడు. మనం గూడా ఓపిగ్గా కాచుకోవల్ల" అనేవాడు.

ఆ రోజుల్లో జనం విసుగెత్తి ఈలలు వేసిన చోటల్లా ఆపరేటర్లు ఫిలిం కత్తిరించేసేవాళ్లు. ప్రింటు వెనక్కి పంపేటప్పుడు ఆ ముక్కలు మళ్లీ అతికించి పంపాలి. నాయన కూడా ఎన్నో సినిమాలు కత్తిరించాడు. అమెరికాయప్ప సినిమా మీద మాత్రం ఒక్కసారి తప్ప ఎప్పుడూ కత్తెర పెట్టలేదు.

మా బడిలో ఇంగ్లీషు సినిమా అంటే బూతు బొమ్మ అనే లెక్క. అందుకే సోమందేపల్లి నుంచి బస్సులో వచ్చే సరళ అనే అమ్మాయి "మీ నాయన ఏం పని?" అని అడిగితే, కరెంటాఫీసు అని చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. ఆ సిగ్గంతా ఇప్పుడు పడుతున్నాను.

నాయన నెలరోజులుగా ఎదురుచూసిన అమెరికాయప్ప సినిమా ఒకటి చివరికి వచ్చింది, రెండు ఆదివారాలు ఆడటానికి. మొదటి ఆదివారం ఆడవాళ్ల బెంచీల్లో నేను కూర్చుని ఉంటే, ఖర్మ, ఏముంటుందో చూద్దామని వదినను తోడు తెచ్చుకుని సరళ వచ్చి నా పక్కనే కూర్చుంది. సినిమాలో ఒకామెకు మొగుడు పోయాడని కబురు వస్తుంది. ఆమె లేచి వెళ్లి, మన వైపు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడుతుంది. అంతే. పరదా కదులుతుంది, ఆమె కదలదు. "ఆఖర్న ఒక్కసారి తిరిగి మనల్ని సూస్తాది, కాచుకో" అని నాయన ముందే చెప్పి ఉన్నాడు.

ఈలలు మొదలయ్యాయి. సరళ కూడా అరుస్తూ, "నువ్వేమే, మూగదాని మాదిరి కూచున్యావు?" అని నన్ను పొడిచింది. వెనక్కి చూశాను. మిషను గది గోడలోని చిన్న కంతలో నాయన చెంప కనిపిస్తోంది. ఎక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తాడో, ఎక్కడ సరళకు తెలిసిపోతుందో అని భయమేసింది. ఆయనెవరో నాకు తెలియనట్టు బెంచీ ఎక్కి అరిచాను.

"ఏయ్ ఆపరేటరూ! నిద్రపోతాండావా? తిప్పు రీలు!"

సరళ పడీపడీ నవ్వింది. నేను మళ్లీ తెర వైపు తిరిగేసరికి ఆమె చూడటం అయిపోయింది; కిటికీ లేదు, ఆమె లేదు, ఏదో రైలు పోతోంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర నాయన కోప్పడతాడేమోనని ఒదిగి కూర్చున్నాను. ఆయన పప్పు వడ్డించుకుంటూ, నన్ను చూడకుండానే అడిగాడు.

"నీగ్గూడా ఇసుగు పుట్టిందా పాపా?"

"నేను గాదు నాయనా అరిసింది" అన్నాను.

"సరేలే, తిను" అన్నాడు.

శనివారం సాయంత్రం నా పక్కన కూర్చుని, "రేపు ఇంగోసారి రా పాపా. ఆ ముక్క తీసేసినా. నీకు ఇసుగుండదు" అన్నాడు. కడుపునొప్పి అని చెప్పి నేను వెళ్లలేదు.

నాయన పోయాక ఆయన నశ్యం డబ్బాలో ఆ ముక్క చుట్ట చుట్టి దొరికింది. మళ్లీ అతికించకుండానే ప్రింటు పంపేశాడన్నమాట. ఎందుకు దాచుకున్నాడో అడగడానికి మనిషి లేడు. ఇప్పుడా హాలూ లేదు; ఆ స్థలంలో ఎర్రమంచి కార్ల కంపెనీకి పోయే బస్సులు నిలుపుతున్నారు. నేను మాత్రం మెట్టినింట్లో కూడా ఇన్నేళ్లూ కరెంటాఫీసు అనే చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న ఆ మందు వాసనకు లేచి, డబ్బా తెచ్చి, మా నాయనది అని చెప్పి చిన్ని చేతిలో పెట్టాను. అది ఫిలింను వసారా వెలుతురుకు పట్టి ఒక్కొక్క బొమ్మే జరుపుతూ, "ఎవరవ్వా ఈమె? మొగమే కనపడల్యా" అంది.

"కాచుకో" అన్నాను.

చివరిదాకా జరిపి, "ఆ, తిరిగింది!" అని ఎగిరింది. చూపించబోయింది కానీ నా కళ్లకు నీళ్లు అడ్డం వచ్చాయి.

"ఇది ఆయప్పకు యాడిది? మీ నాయన ఏం పని చేస్తాండె?"

"సినిమా ఆపరేటరు" అన్నాను. ఇంకొకరు వినేలా మా నాయనను ఆ మాట అనడం నా జన్మలో అది రెండోసారి.